రోబో పోటీల్లో తీగ లేకుండా విద్యుత్తు పంపడం: దక్షత ఎంత, నిబంధనలు ఒప్పుకుంటాయా?

ప్రశ్న
రాసినవారు: రోబోటిక్స్ క్లబ్ మార్గదర్శి, మధురవాడ

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో రోబోటిక్స్ క్లబ్బు బాధ్యత చూస్తున్నాను. మా విద్యార్థులు రోబోకాన్ (కళాశాల జట్ల రోబో పోటీ) జాతీయ పోటీ కోసం తయారుచేస్తున్న రోబోకు పైభాగంలో, ఎటువైపు ఎన్ని చుట్లయినా తిరగగల విసురు యంత్రం ఒకటి ఉంది. దాని మీద ఒక చిన్న మోటారు, ఒక కెమెరా, కెమెరా చూసినదాన్ని లెక్కగట్టే కంప్యూటర్ బోర్డు ఉంటాయి. మూడింటికీ కలిపి 40 వాట్ల వరకు అవసరం. 24 వోల్టుల బ్యాటరీ మాత్రం కింద, చక్రాల చట్రంలో ఉంటుంది. పైభాగం ఒకే దిక్కుకు తిరుగుతూ పోతే తీగలు మెలిపడి, చివరికి కనెక్టర్ ఊడి వచ్చేస్తోంది.

దీనికి మా మూడో సంవత్సరం విద్యార్థిని ఒక మార్గం సూచించింది. తిరిగే ఇరుసు చుట్టూ కింద ఒక కాయిల్, పైన ఒక కాయిల్ ఎదురెదురుగా అమర్చి, మధ్యలో 8 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఫోన్ ఛార్జర్ పద్ధతిలోనే అయస్కాంత ప్రేరణతో విద్యుత్తును పైకి పంపుదామంటోంది. కాయిల్ వ్యాసం 10 సెంటీమీటర్లు. ఆలోచన నాకు నచ్చింది. అయితే దీని దక్షత గురించి ఒకచోట 90 శాతమని, మరొకచోట 40 శాతమని చదువుతున్నాం. మా అమరికకు ఏ అంకెను నమ్మవచ్చు? రెండోది, ఇంతకంటే ముఖ్యమైనది: పోటీ నిబంధనల ప్రకారం ఇది చెల్లుతుందా? పైనున్న కాయిల్‌ను తనిఖీ అధికారులు 'రెండో విద్యుత్ మూలం'గా లెక్కిస్తే మా శ్రమంతా వృథా అవుతుంది. మా దగ్గర పాఠశాల జట్టు కూడా ఒకటి ఉంది, వాళ్లు పాఠశాల విద్యార్థులకు జరిగే ఫస్ట్ రోబోటిక్స్ పోటీ వైపు చూస్తున్నారు కాబట్టి, అక్కడి నిబంధనలు తెలిసినవారు కూడా చెప్పగలరు.


సమాధానం 1
రాసినవారు: పవర్ ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ

మాస్టారూ, మీరు చదివిన రెండు అంకెలూ నిజమే కావచ్చు, ఎందుకంటే అవి రెండు వేర్వేరు విషయాలను కొలుస్తాయి. ఒక కాయిల్ నుంచి మరో కాయిల్‌కు శక్తి ఎంత చేరిందన్నది ఒక లెక్క, బ్యాటరీ దగ్గర బయలుదేరిన శక్తిలో మోటారుకు ఎంత చేరిందన్నది ఇంకొక లెక్క. 2007లో ఎంఐటీ పరిశోధకులు రెండు మీటర్ల దూరంలోని 60 వాట్ల బల్బును తీగ లేకుండా వెలిగించారు. ఆ రెండు కాయిళ్ల మధ్య దక్షత సుమారు 40 శాతం. కానీ గోడ సాకెట్ నుంచి బల్బు దాకా చూస్తే అది 15 శాతం దగ్గరే ఆగింది, ఎందుకంటే మిగిలినది కాయిల్‌ను నడిపే సర్క్యూట్‌లోనే వేడిగా పోయింది. ఎవరైనా దక్షత అంకె చెప్పినప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని అడగకపోతే ఆ అంకె మనకు పనికిరాదు.

కాయిళ్ల మధ్య దక్షతను రెండు రాశులు నిర్ణయిస్తాయి. మొదటిది సంధాన గుణకం, అంటే ఒక కాయిల్ అభివాహంలో ఎంత భాగం రెండో కాయిల్ గుండా పోతుందన్నది. రెండోది క్యూ విలువ, అంటే కాయిల్ ప్రేరక ప్రతిరోధానికి, దాని నిరోధానికి ఉన్న నిష్పత్తి. ఈ రెండింటి లబ్ధం 1 అయితే, భారాన్ని (విద్యుత్తు వాడుకునే సర్క్యూట్‌ను) ఎంత చక్కగా సరిపోల్చినా 17 శాతం దాటదు. లబ్ధం 10 అయితే 82 శాతం, 50 అయితే 96 శాతం వరకు వెళ్లవచ్చు. 10 సెంటీమీటర్ల కాయిళ్లకు 8 మిల్లీమీటర్ల దూరం చాలా దగ్గర. ఆ దూరంలో సంధానం 0.5 ప్రాంతంలో ఉంటుందని, మంచి తీగతో క్యూ విలువ 100 వరకు తేవచ్చని అనుకుంటే, మీ అమరిక లబ్ధం 50 అయిన ఆ మూడో కోవలోకి వస్తుంది. మీ రెండు కాయిళ్లూ ఒకే ఇరుసు చుట్టూ ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, ఫోన్‌ను ఛార్జర్ మీద వంకరగా పెట్టినప్పుడు వచ్చే నష్టం మీకు ఉండదు. తీగ లేని ప్రసారానికి ఇంతకంటే అనుకూలమైన అమరిక దొరకడం కష్టం.

అయితే క్యూ విలువ 100 ఊరికే రాదు. ఇలాంటి కాయిళ్లను నడిపే 100 కిలోహెర్ట్జ్ వంటి పౌనఃపున్యం దగ్గర విద్యుత్తు రాగి తీగ పైపొరలో, సుమారు 0.2 మిల్లీమీటర్ల లోతులోనే ప్రవహిస్తుంది. మోటారు వైండింగ్ దుకాణంలో దొరికే ఒంటి పోగు ఎనామెల్ తీగ లావుదైతే, దాని లోపలి రాగి అంతా బరువు తప్ప వేరే ఉపయోగం లేదు. సన్నని పోగులు ఒకదాని నుంచి ఒకటి వేరుగా ఉండి పేనబడిన లిట్జ్ తీగ కావాలి. అలాగే చాలా రోబోల చట్రాలు అల్యూమినియం పలకలు. కాయిల్ వెనక ఫెరైట్ (అయస్కాంత క్షేత్రాన్ని తన గుండా మళ్లించే పదార్థం) పలక లేకుండా నేరుగా ఆ పలక మీద బిగిస్తే, పలకలో పుట్టే ఎడ్డీ ప్రవాహాలు (లోహంలో సుడులు తిరిగే విద్యుత్తు) కాయిల్ ప్రేరకత్వాన్నీ క్యూ విలువనూ రెండింటినీ తగ్గిస్తాయి. బల్ల మీద చక్కగా పనిచేసిన కాయిల్ చట్రంలో పెట్టగానే మొరాయించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఆ 8 మిల్లీమీటర్ల ఖాళీలోకి ఒక ఇనుప వాషర్ జారి పడినా ప్రమాదమే. పైకి ఏమీ కనపడదు, కానీ కాసేపటికి దాని కింద అంటించిన టేపు ముదురు రంగుకు తిరిగి ముడుచుకుపోతుంది. ఖాళీ చుట్టూ ప్లాస్టిక్ కంచె తప్పనిసరిగా పెట్టించండి.

ఇప్పుడు మొత్తం లెక్క. కాయిళ్ల మధ్య 90 శాతం, కింది ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీని ఏసీగా మార్చేది) 93 శాతం, పైన రెక్టిఫయర్ (ఆ ఏసీని తిరిగి డీసీగా మార్చేది), వోల్టేజి నియంత్రకం కలిపి 88 శాతం అనుకోండి. మూడింటినీ గుణిస్తే సుమారు 74 శాతం. అంటే పైన 40 వాట్లు కావాలంటే బ్యాటరీ నుంచి 54 వాట్లు తీసుకోవాలి, 14 వాట్లు వేడిగా పోతాయి. వినడానికి చాలా నష్టంగా ఉంటుంది కానీ, మూడు నిమిషాల ఆటలో ఆ 14 వాట్ల నష్టం 0.7 వాట్-అవర్ మాత్రమే. 24 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 120 వాట్-అవర్లు. కాబట్టి బ్యాటరీ అయిపోతుందన్న భయం మీకు అక్కర్లేదు. అసలు ఇబ్బంది వేడి. ఆటలో కాకపోయినా, గంటల తరబడి సాగే సాధనలో, అదీ మన ఎండాకాలంలో, మూసివున్న ప్లాస్టిక్ పెట్టెలో 14 వాట్లు చిన్న విషయం కాదు. రాగి వేడెక్కే ప్రతి డిగ్రీకి దాని నిరోధం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి, వేడెక్కిన కాయిల్ ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. సాధారణ మల్టీమీటర్ 100 కిలోహెర్ట్జ్ వద్ద చూపించే ఏసీ అంకెలను నమ్మరాదు. బ్యాటరీ వైపు డీసీ వోల్టులు, ఆంపియర్లు, పైన నియంత్రకం దాటాక డీసీ వోల్టులు, ఆంపియర్లు ఒకేసారి కొలవండి. ఆ రెండు లబ్ధాల నిష్పత్తే మీ రోబోకు పనికొచ్చే దక్షత.


సమాధానం 2
రాసినవారు: పోటీల్లో రోబో తనిఖీ చేసే స్వచ్ఛంద సేవకుడు, సీతమ్మధార

దక్షత గురించి పైవారు చెప్పినదానికి నేను చేర్చేది లేదు. నిబంధనల గురించి చెబుతాను.

తనిఖీ బల్ల దగ్గర మేము అడిగే మొదటి ప్రశ్న, ఈ శక్తి ఎక్కడ పుట్టింది అన్నది. రోబోకాన్ అంతర్జాతీయ పోటీ అయిన ఏబీయూ రోబోకాన్ నిబంధనల్లో రోబోకు శక్తి మూలాలుగా బ్యాటరీ, సంపీడిత వాయువు, సాగే వస్తువుల బలం మాత్రమే వాడాలన్న మాట ఏళ్ల తరబడి వస్తోంది. మీ కాయిల్ శక్తిని పుట్టించదు, మీ బ్యాటరీ శక్తినే కింది నుంచి పైకి చేరవేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరూ విద్యుత్ మూలం అనరు. ఆ కోణంలో మీ అమరికను 'రెండో మూలం' అనడానికి ఆధారం లేదు. అదే, ఆట మైదానం కింద మీరొక కాయిల్ పరిచి, రోబో దాని మీద నిలబడినప్పుడు శక్తి తీసుకుంటే, ఆ శక్తి రోబో బయట పుట్టినట్లే. అది చెల్లదు. ఒక రోబో నుంచి మరో రోబోకు పంపడం ఈ రెండింటికీ మధ్యలో ఉండే విషయం. రెండు రోబోల బ్యాటరీలూ జట్టువే అయినా, ఒకదాన్నొకటి తాకడం గురించి, సాయం చేసుకోవడం గురించి ఆ సంవత్సరపు ఆట ఏం చెబుతోందో చూడకుండా ఏమీ అనలేం.

మీ విద్యార్థులు ఊహించని చిక్కు ఇంకోచోట ఉంది. ఇటీవలి కొన్ని సంవత్సరాల రోబోకాన్ నిబంధనల పుస్తకాల్లో బ్యాటరీ నామమాత్ర వోల్టేజి 24కు మించకూడదన్నది ఒక నియమమైతే, సర్క్యూట్‌లో వోల్టేజి 42కు మించకూడదన్నది మరొకటి. ఈ రెండో నియమం బ్యాటరీలను వరుసగా కలిపి వోల్టేజి పెంచుకోకుండా ఆపడానికి రాసినదని నేను అర్థం చేసుకున్నాను. కానీ కాయిల్‌నూ కెపాసిటర్‌నూ ఒకే పౌనఃపున్యానికి శృతి చేసిన అనునాద సర్క్యూట్‌లో కాయిల్ మీద, కెపాసిటర్ మీద నిలిచే వోల్టేజి బ్యాటరీ వోల్టేజిని సులువుగా మించిపోతుంది. మీ అంకెలతోనే చూడండి. ఉదాహరణకు 24 మైక్రోహెన్రీల కాయిల్‌కు 100 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రతిరోధం 15 ఓములు. 54 వాట్ల కోసం 24 వోల్టుల పూర్తి బ్రిడ్జి ఇన్వర్టర్ నుంచి సుమారు 2.5 ఆంపియర్లు పోతే, కాయిల్ చివరల మధ్య సగటు లెక్కన (ఆర్ఎంఎస్) దాదాపు 38 వోల్టులు, శిఖరం దగ్గర 53 వోల్టులు ఉంటాయి. మూలం గురించి ఏ అభ్యంతరమూ లేని రోబో ఈ 42 దగ్గర ఆగిపోవచ్చు. కాయిల్ చుట్లు తగ్గిస్తే ఈ వోల్టేజి తగ్గుతుంది, అయితే అదే శక్తిని పంపే పద్ధతి దానికి తగ్గట్టు మార్చుకోవాలి. ఆ లెక్క మీ విద్యార్థిని చేతే ముందు చేయించండి.

పాఠశాల జట్టు సంగతికి వస్తే, ఫస్ట్ రోబోటిక్స్ పోటీ నిబంధనలు ఇంకా బిగువు. ఆట సాగుతున్నంతసేపూ రోబోకు ప్రధాన మూలం ఒకే ఒక్క 12 వోల్టుల సీల్డ్ లెడ్ ఆసిడ్ బ్యాటరీ, దాని సామర్థ్యం 17 నుంచి 18.2 ఆంపియర్-అవర్ల మధ్య ఉండాలి. మోటార్లకు శక్తి చేరే దారి కూడా అక్కడ నిర్దేశించబడింది. బ్యాటరీ నుంచి పంపిణీ పలకకు, అక్కడి నుంచి అనుమతించిన మోటారు కంట్రోలర్‌కు, అక్కడి నుంచి మోటారుకు. ఆ దారిని జట్టు స్వయంగా తయారుచేసుకున్న సర్క్యూట్ ఏదీ మార్చకూడదన్నది స్పష్టమైన నిబంధన. కాబట్టి కాయిళ్ల గుండా మోటారుకు శక్తి పంపడం అక్కడ కుదరదని నా అభిప్రాయం. కెమెరాకు, సెన్సార్లకు పంపడం వేరు, ఎందుకంటే అవి ఆ దారిలో లేవు. కానీ అక్కడ కూడా బజారులో దొరికే క్యూఐ (ఫోన్ల వైర్‌లెస్ ఛార్జింగ్ ప్రమాణం) ఛార్జర్ మాడ్యూల్ పెట్టేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ ప్రమాణంలో స్వీకరించే కాయిల్ తన భారాన్ని మార్చుతూ, పంపే కాయిల్‌కు అదే అయస్కాంత క్షేత్రం గుండా సంకేతాలు పంపుతుంది. శక్తి ఎంత కావాలో చెప్పేది అలాగే. రోబో లోపల అనుమతించినవి తప్ప వైర్‌లెస్ సంభాషణ వాడకూడదన్న నిబంధన ఉన్న పోటీలో, ఇది దాని కిందకు వస్తుందా అని ఎవరైనా అడిగితే, అడగడం న్యాయమే. అడిగేలోపు మీరే ముందు అడిగి జవాబు తెచ్చుకోవడం మేలు.


సమాధానం 3
రాసినవారు: పాత రోబోకాన్ జట్టు సభ్యుడు, ప్రస్తుతం గాజువాక

పైవారు రోబో నుంచి రోబోకు పంపడం గురించి చెప్పారు కాబట్టి 2016 ఏబీయూ రోబోకాన్‌ను గుర్తు చేస్తాను. ఆ ఏడాది పోటీ బ్యాంకాక్‌లో జరిగింది, ఇతివృత్తం స్వచ్ఛ ఇంధనం. అందులో రెండు రోబోలు, ఒకటి ఎకో రోబో, రెండోది హైబ్రిడ్ రోబో. ఎకో రోబోకు దిశ మార్చుకునే యంత్రాంగం మాత్రమే ఉండాలి, తనను తాను నడుపుకునే మోటారు ఉండకూడదు. దాన్ని ముందుకు కదిలించే బలాన్ని హైబ్రిడ్ రోబో తాకకుండానే, గాలి ద్వారానో అయస్కాంతం ద్వారానో అందించాలి. అంటే తాకకుండా శక్తిని చేరవేయడమే ఆ ఆటకు ప్రాణం. చైనాలో విశ్వవిద్యాలయ విద్యార్థులకు జరిగే స్మార్ట్ కార్ పోటీల్లో కూడా, బ్యాటరీ లేకుండా సూపర్ కెపాసిటర్ పెట్టుకుని, మైదానంలోని కాయిళ్ల నుంచి తీగ లేకుండా శక్తి నింపుకుని పరుగెత్తే విభాగం నడిచింది. అక్కడ త్వరగా, తక్కువ నష్టంతో నింపుకోవడం గెలుపుకు ముఖ్యమైంది.

నేను ఇవి చెప్పడానికి కారణం ఒకటే. నిర్వాహకులు ఇలాంటి శక్తి ప్రసారాన్ని కోరుకున్నప్పుడు దాన్ని ఆటలోనే రాస్తారు, మైదానం కొలతలతో సహా ఇస్తారు. పుస్తకం దాని గురించి ఏమీ అననప్పుడు, ఆ మౌనాన్ని అనుమతి అని మనం అనుకోరాదు, నిషేధం అని భయపడనూ అక్కర్లేదు. రోబోకాన్‌లో సందేహాలకు అధికారిక సమాధానాలు విడుదల చేసే పద్ధతి ఉంది. విద్యార్థిని ఆలోచన బాగుంది, దాన్ని ఆపేయకండి. కాగితం మీద జవాబు వచ్చేదాకా రెండో దారి కూడా సిద్ధంగా ఉంచుకోండి.


సమాధానం 4
రాసినవారు: క్రేన్ల నిర్వహణ ఇంజినీరు, మల్కాపురం

ఆ రెండో దారి గురించి నేను రాస్తాను. హార్బర్ క్రేన్లలో కేబుల్ రీలు తిరుగుతూనే విద్యుత్తు అందాలంటే స్లిప్ రింగులే, అంటే తిరిగే లోహపు వలయాన్ని కదలని బ్రష్ రాసుకుంటూ విద్యుత్తు అందించే అమరికే దిక్కు. కాయిళ్లతో పోలిస్తే వీటిలో నష్టం చాలా తక్కువ. 40 వాట్లను 24 వోల్టుల మీద పంపితే రెండు ఆంపియర్లు కూడా కావు. ఒక్కో వలయానికి రెండు ఆంపియర్లు మోయగల చిన్న గొట్టం ఆకారపు స్లిప్ రింగులు దొరుకుతాయి. పాజిటివ్‌కు రెండు, నెగెటివ్‌కు రెండు కలిపి వాడితే నిశ్చింత.

కానీ మన ఊరి గాలిని లెక్కలోకి తీసుకోవాలి. సముద్రపు ఉప్పు తేమ ఇత్తడి వలయాల మీద పేరుకుంటుంది. మూత తీసి చూస్తే బ్రష్ నడిచిన చార మాత్రం మెరుస్తూ, దాని పక్కన నల్లటి పొర, అంచుల్లో పచ్చటి పొడి కనిపిస్తాయి. వేలితో తాకితే కార్బన్ పొడి అంటుకుంటుంది. విద్యుత్తు అప్పుడు కూడా పోతూనే ఉంటుంది, కానీ మధ్యమధ్యలో క్షణకాలం తెగుతుంది. మోటారుకు ఆ తెగడం తెలియదు, కంప్యూటర్ బోర్డుకు మాత్రం అది రీస్టార్ట్. ఎన్‌కోడర్ (మోటారు ఎంత తిరిగిందో చెప్పే సెన్సార్) సంకేతాలు అదే స్లిప్ రింగు గుండా పంపితే లెక్కలు తప్పుతాయి. బంగారు పూత స్పర్శలు ఉన్నవి కొనండి, బోర్డు ముందు ఒక పెద్ద కెపాసిటర్ పెట్టండి. పోటీకి తీసుకెళ్లే స్లిప్ రింగును సాధనలో అరగదీయకుండా విడిగా దాచండి.


ప్రశ్న వేసినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. 42 వోల్టుల విషయం మేము చూడనే లేదు, అది చాలా విలువైన సూచన. ఈ సాయంత్రం విద్యార్థులతో కూర్చుని మాట్లాడాక ఒక నిర్ణయానికి వచ్చాం. మోటారుకు శక్తిని స్లిప్ రింగు ద్వారానే పంపుతాం. కెమెరాకు, కంప్యూటర్ బోర్డుకు కలిపి 12 వాట్లు చాలు కాబట్టి, ఆ భాగాన్ని కాయిళ్ల మీద పెట్టి ప్రయత్నిస్తాం. అంత తక్కువ శక్తికి కాయిల్ వోల్టేజి పరిమితి లోపలే ఉండేలా చూడవచ్చని మా విద్యార్థిని లెక్క వేసి చూపించింది, తనిఖీకి ముందు ఆసిలోస్కోపుతో కొలిచి నిర్ధారించుకుంటాం. స్లిప్ రింగు తెగినప్పుడు బోర్డు రీస్టార్ట్ అయ్యే బాధ కూడా దీనితో తప్పుతుంది. నిర్వాహకులకు ప్రశ్న ఎలా రాస్తే స్పష్టమైన జవాబు వస్తుందో తనిఖీ సేవకులు గారు చెప్పగలరా?


సమాధానం 5
రాసినవారు: సమాధానం 2 రాసినవారే

'వైర్‌లెస్ పవర్ వాడవచ్చా?' అని మాత్రం అడగకండి. ఆ మాటకు ఎవరైనా మైదానం కింది కాయిల్‌నే ఊహించుకుంటారు, వచ్చే జవాబు కూడా దానికే వస్తుంది. ఇలా రాయండి:

'మా రోబోలో ఒకే బ్యాటరీ, నామమాత్ర వోల్టేజి 24. ఆ బ్యాటరీ శక్తిలో 12 వాట్లను, అదే రోబోలోని తిరిగే భాగానికి, 8 మిల్లీమీటర్ల దూరంలో ఒకే ఇరుసు మీద ఉన్న రెండు కాయిళ్ల ద్వారా పంపుతాము. పంపే పౌనఃపున్యం 100 కిలోహెర్ట్జ్. కాయిళ్ల గుండా ఎటువంటి సమాచారమూ పంపము. రోబో వెలుపలి నుంచి శక్తి ఏదీ తీసుకోము. అత్యవసర స్విచ్ నొక్కగానే కింది కాయిల్‌కు విద్యుత్తు ఆగిపోతుంది. సర్క్యూట్‌లో ఏ రెండు బిందువుల మధ్యనైనా కొలిచిన గరిష్ఠ వోల్టేజి ఇంత. నిబంధనల పుస్తకంలోని శక్తి మూలం, వోల్టేజి పరిమితి నియమాల ప్రకారం ఈ అమరిక ఆమోదయోగ్యమా? వోల్టేజి పరిమితి కాయిల్, కెపాసిటర్‌లపై నిలిచే అనునాద వోల్టేజికి కూడా వర్తిస్తుందా?'

నియమాల సంఖ్యలు ఆ సంవత్సరపు పుస్తకం చూసి చేర్చండి, ఏటా మారతాయి. కాయిళ్ల గుండా సమాచారం పంపము అని రాస్తున్నారు కాబట్టి క్యూఐ మాడ్యూల్ కాకుండా, సంకేతాలు లేని సాదా ఇన్వర్టర్ సర్క్యూట్ వాడండి. సర్క్యూట్ బొమ్మను, ఆసిలోస్కోపు తెర ఫోటోను జతచేయండి. వచ్చిన జవాబును ముద్రించి, రోబోతో పాటు తనిఖీ బల్ల దగ్గరకు తీసుకురండి.